పంచాంగం పక్కన టీకాల తేదీలు కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇమ్యూనిటీ పెంచుకోవడం ఎలా అని ఒక పేజీ నిండా వేశారు. పరగడుపున ఒక కషాయం, రాత్రి పడుకునే ముందు ఒక చెంచా పొడి, మధ్యలో నానబెట్టిన గింజలు. ఆ పేజీ కిందనే సగం మేర ఒక పొడి డబ్బా ప్రకటన. మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాటు అమ్మాయి ఆ పేజీ కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంది. ఆమెకు పద్నాలుగు నెలల బాబున్నాడు. "వాడి టీకాల కార్డు ఏదమ్మా?" అని అడిగితే బీరువా అంతా వెతికి, "అమ్మావాళ్లింట్లో ఉండిపోయినట్టుంది ఆంటీ" అంది. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను డాక్టర్ని కాను. 1986 నుంచి 2019 దాకా నగరంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. చిక్కడపల్లిలో ఉంటాను. ఈ ముప్పైమూడేళ్లలో నేను ఎక్కువగా చూసింది మనుషుల ముఖాలను కాదు, వాళ్ల రక్తంలోని తెల్ల కణాలను. మీ పేజీలో "సైనికులు" అని రాశారే, వాళ్లను ఒక్కొక్కరినీ లెక్కపెట్టిన చేతులు ఇవి.

నేను ఉద్యోగంలో చేరిననాడు మా ల్యాబ్‌లో కౌంటింగ్ మెషిన్ లేదు. వేలికి సూది గుచ్చి, సన్నటి గాజు పిపెట్‌లోకి రక్తం 0.5 గీత దాకా తీసుకుని, 11 గీత దాకా ద్రావణం నింపి, అరచేతుల మధ్య ఆడించి, గళ్ల అద్దం మీద ఒక చుక్క వదిలేవాళ్లం. నాలుగు మూలల గళ్లలో కనబడ్డ కణాలను లెక్కపెట్టి యాభైతో హెచ్చవేయాలి. నూటనలభై కనబడితే ఏడు వేలు. ఒక క్యూబిక్ మిల్లీమీటరు రక్తంలో, అంటే ఆవగింజంత బొట్టులో, అన్ని తెల్ల కణాలన్నమాట. పెద్దవాళ్లకు 4,000 నుంచి 11,000 మధ్య ఉంటే మామూలు. అది టీసీ, అంటే మొత్తం లెక్క. ఆ తర్వాత డీసీ, అంటే నూటికి ఏ రకం కణాలు ఎన్నో లెక్క. అద్దం మీద రక్తాన్ని పల్చగా పరిచి, లీష్‌మన్ రంగు పోసి, కడిగి ఆరబెట్టి, నూనె చుక్క వేసి లెన్స్ దించితే ఒక లోకం కనబడుతుంది. పాలీమార్ఫ్ కణాల్లో కేంద్రకం మూడు నాలుగు ముక్కలుగా విడి, సన్నని దారంతో కలిపినట్టు ఉంటుంది. ఇయోసినోఫిల్ అయితే ఇటుక రంగు గింజలు దట్టంగా నింపుకుని ఉంటుంది, ఎక్కడున్నా ఇట్టే కళ్లకు తగులుతుంది. లింఫోసైట్ మాత్రం ఏ హంగూ లేకుండా గుండ్రటి ముదురు ఊదా కేంద్రకం, చుట్టూ అంచు కట్టినట్టు లేత నీలం.

పెద్దవాళ్ల స్లైడ్‌లో నూరు కణాలు లెక్కపెడితే అరవై దాకా పాలీమార్ఫ్‌లే. చిన్నపిల్లల స్లైడ్ పెడితే లెక్క తిరగబడుతుంది. నాలుగైదేళ్ల వయసు దాకా లింఫోసైట్లదే పైచేయి. కొత్తగా చేరిన అమ్మాయిలు తప్పు లెక్కపెట్టామేమోనని టెన్షన్ పడి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్లు. వాళ్లకు నేను చెప్పిన మాటే మీ పాఠకులకూ చెప్పాలని నా తపన: లింఫోసైట్లు నేర్చుకునే కణాలు. పసిపిల్లలకు లోకంలో ప్రతి క్రిమీ కొత్తదే కాబట్టి ఆ వయసులో వాళ్ల రక్తం నిండా నేర్చుకునేవాళ్లే ఉంటారు.

పాలీమార్ఫ్‌లకు చదువుతో పని లేదు. పుట్టుకతోనే పోరాడతాయి. మన ఎముకల మూలుగలో ఇవి రోజుకు సుమారు పది వేల కోట్లు తయారవుతాయి. కాలికి ముల్లు గుచ్చుకుంటే గంటల్లో అక్కడికి చేరి క్రిములను మింగి, తామూ చనిపోతాయి. చీము అంటే చాలావరకు వాటి శవాలే. 1882లో ఇటలీలోని మెస్సీనా ఊళ్లో మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రవేత్త, లోపలిదంతా బయటికి కనబడే నక్షత్రచేప పిల్లల ఒంట్లోకి గులాబీ ముల్లు గుచ్చి, తెల్లారి చూస్తే ఆ ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయట. ఈ మింగే కణాల సంగతి లోకానికి తెలిసింది అక్కడే. 1908లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. వీటికన్నా ముందే చర్మం, కన్నీళ్లు, ముక్కులో జిగురు, పొట్టలో ఆమ్లం ఎన్నింటినో గడప దగ్గరే ఆపేస్తాయి.

ఈ కావలి దాటి లోపలికి వచ్చినవాటి సంగతి లింఫోసైట్లు చూసుకుంటాయి. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ల కడుతుందని మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. ఆ బిళ్ల రోగం కాదు. పుండు దగ్గర దొరికిన క్రిమి ఆనవాలును కొన్ని కణాలు మోసుకొచ్చి ఆ బిళ్లలోని లింఫోసైట్లకు చూపిస్తాయి. ఒక్కో లింఫోసైట్ ఒక్కో రకం ఆనవాలును మాత్రమే పట్టగలదు. కోట్ల రకాల్లో ఎవరికి అది సరిపోతుందో వాళ్లు మాత్రమే మేలుకుని, ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరుగుతారు. బిళ్ల ఉబ్బేది అందుకే. ఇన్ని కోట్ల రకాలు మన కొద్దిపాటి జన్యువుల్లోంచి ఎలా వస్తున్నాయో, ముక్కలను మార్చి మార్చి కలుపుకుని ఎలా తయారవుతున్నాయో చూపించినందుకే జపాన్‌కు చెందిన టొనెగావాకు 1987లో నోబెల్ వచ్చింది.

ఇలా పెరిగి యాంటీబాడీలు, అంటే ఆ క్రిమిని పట్టి అడ్డుకునే ప్రోటీన్లు, తయారుచేయడానికి మొదటిసారి వారం, పది రోజులు పడుతుంది. ఈ సంగతి తెలియక ఎంతమంది డబ్బు పోగొట్టుకున్నారో నేను కళ్లారా చూశాను. జ్వరం వచ్చిన రెండో రోజే విడాల్ టెస్ట్ చేయమని వచ్చేవాళ్లు. విడాల్ వెతికేది క్రిమిని కాదు, క్రిమికి మన ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీని. రెండో రోజు అది ఎక్కడి నుంచి వస్తుంది? నెగెటివ్ రాగానే టైఫాయిడ్ లేదని సంతోషపడి వెళ్లిపోయేవాళ్లు, వారం తర్వాత నీరసించి ఆటోలో వచ్చేవాళ్లు. డెంగీ కూడా అంతే. మొదటి రోజుల్లో వైరస్ ముక్కను పట్టే ఎన్‌ఎస్1, అయిదు రోజులు దాటాక ఐజీఎం అనే యాంటీబాడీని వెతికే పరీక్ష. ఏ రోజు ఏ పరీక్ష అన్నది మన ఒంటి చదువు ఎక్కడిదాకా వచ్చిందన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఒకసారి నేర్చుకున్నాక కొన్ని కణాలు ఆ జ్ఞాపకాన్ని ఏళ్ల తరబడి మోస్తాయి. అదే క్రిమి మళ్లీ వస్తే వారం ఆగనక్కర్లేదు. జబ్బు పడకుండానే ఆ జ్ఞాపకాన్ని ఇచ్చేది టీకా. నా ఎడమ చేతి మీద మశూచి టీకా మచ్చ ఇప్పటికీ ఉంది. నా పిల్లల చేతుల మీద లేదు, వాళ్లకు ఆ అవసరమే రాలేదు. 1796లో జెన్నర్ అనే ఇంగ్లండు డాక్టరు ఆవుల నుంచి సోకే పొక్కుల రసి ఒక ఎనిమిదేళ్ల కుర్రాడి చేతికి ఎక్కించిన దగ్గర మొదలై, 1980లో మశూచి భూమ్మీద లేదని ప్రకటించేదాకా వచ్చింది ఆ కథ.

నా కథ ఇంకొకటి ఉంది. నేను చేరిన కొత్తలో మాకు హెపటైటిస్ బి టీకా అందుబాటులో లేదు, దిగుమతి టీకా ధర మా జీతాలకు అందేది కాదు. 1997లో మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ తక్కువ ధరకు ఆ టీకా తయారుచేసింది. మరుసటి ఏడాది మూడు డోసులూ వేయించుకున్నాను. 2003లో ఒక సాయంత్రం, రద్దీలో, హెపటైటిస్ బి పాజిటివ్ ఉన్న మనిషి రక్తం తీసిన సూది నా బొటనవేలిలో దిగింది. గ్లవ్ తీసి కుళాయి కింద వేలు పెట్టి నిలబడ్డప్పుడు కాళ్లు వణికాయి. నా రక్తం నేనే తీయించి యాంటీబాడీ ఎంతుందో కొలిచే టైటర్ పరీక్ష చేయించాను. పది యూనిట్లు దాటితే రక్షణ ఉన్నట్టు. నాకు వందల్లో వచ్చింది. అయిదేళ్ల కిందట నేర్చుకున్నది నా రక్తం మరిచిపోలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా సర్వీసు పుస్తకం జిరాక్సులో మడిచి ఉంది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి.

మా చెల్లెలు ఉప్పల్‌లో ఉంటుంది. ఆమె మనవరాలికి పద్నాలుగో వారం టీకాలు వేయించిన రాత్రి జ్వరం వచ్చింది, తొడ వాచింది, పిల్ల తెల్లవార్లూ ఏడ్చింది. పొద్దున ఫోన్ చేస్తే చెప్పాను, అది పిల్ల ఒళ్లు పాఠం నేర్చుకుంటున్న వేడి, రెండు రోజుల్లో తగ్గుతుంది అని. తగ్గింది కూడా. కానీ తొమ్మిదో నెలలో తట్టు, రుబెల్లా టీకా వేయించాల్సిన రోజు వచ్చేసరికి చెల్లెలు జంకింది. "పోయినసారి పిల్ల ఎంత గోస పడ్డదో నువ్వు చూడలేదక్కా. పండ్లు వస్తున్నయి, ఇప్పుడెందుకు? ఇంకో నెలాగి వేయిద్దాం" అంది. ఆ నెల ఇంకో నెలయింది. కోడలు పురిటి సెలవు ముగిసి ఉద్యోగానికి వెళ్లడం మొదలుపెట్టింది. ఇల్లు మారారు. కార్డు ఏదో డబ్బాలో పడిపోయింది. నేనూ గట్టిగా అడగలేదు.

పదమూడో నెలలో పిల్లకు జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడి నీళ్లు కారడం. నాలుగో రోజు చెవుల వెనక నుంచి ఎర్రటి పొక్కులు మొదలై ముఖం మీదకి, వీపు మీదకి దిగాయి. నేను వెళ్లి టార్చి వేసి చూస్తే బుగ్గ లోపలి వైపు ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్లటి చుక్కలు అక్కడక్కడా ఇంకా మిగిలున్నాయి. తట్టే. చెల్లెలు గుమ్మానికి వేపమండలు కట్టి, "తల్లి పోసింది, అయిదు రోజుల్లో దిగిపోతది, మందులు వేయొద్దు" అంది. చెల్లెలిని తప్పుపట్టను. మేము పెరిగింది ఆ మాటలు వింటూనే. ఆషాఢంలో నేనూ బోనం ఎత్తుతాను. ఈ ఊరికి మహమ్మారి వచ్చినప్పుడు మా పెద్దలు దిక్కుతోచక అమ్మవారికి మొక్కుకుని మొదలుపెట్టిన పండగ అది అంటారు, ఆ భయం ఎంతటిదో నాకు అర్థమవుతుంది. బోనం ఎత్తిన చేతులతోనే పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లాను. విటమిన్ ఎ వరుసగా రెండు రోజులు వేయించాం. పొక్కులు మాడిపోయాయి, గండం గడిచిందనుకున్నాం.

గడవలేదు. నెల తిరక్కుండానే చెవిలోంచి చీము. తర్వాత విరేచనాలు. తట్టు వచ్చిన నాలుగో నెలలో న్యుమోనియా. తొమ్మిది రోజులు ఆక్సిజన్ పెట్టి ఉంచారు. ఆ తొమ్మిది రోజులూ నేను ఆ వార్డు కిటికీ దగ్గర కూర్చుని ఒకే సంగతి ఆలోచించాను, ఎందుకంటే నాకు తెలుసు. తట్టు వైరస్ ఎక్కువగా పట్టుకునేది ఏ కణాలనో తెలుసా? జ్ఞాపకం మోసే లింఫోసైట్లనే. అంతకుముందు నేర్చుకున్న పాఠాలను అది చెరిపేస్తుంది. టీకా వేయించుకోని పిల్లలకు తట్టు వచ్చాక రక్తం పరీక్షించి, వాళ్ల పాత యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా మాయమయ్యాయని 2019లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. తట్టు తగ్గినా పిల్లలు నెలల తరబడి ఒకదాని వెనక ఒకటి జబ్బు పడతారని పాత డాక్టర్లు ఎప్పుడూ చెప్పేవాళ్లు. పలక మీద రాసుకున్నదంతా తడిగుడ్డతో తుడిచేసినట్టు. పిల్ల మళ్లీ మొదటి అక్షరం నుంచి దిద్దుకోవాలి, ప్రతి అక్షరానికీ ఒక జబ్బు పడుతూ.

తొమ్మిదో నెల అని ఎందుకు పెట్టారో కూడా తల్లులకు ఎవరూ చెప్పరు. కడుపులో ఉండగానే తల్లి తన యాంటీబాడీలు బిడ్డకు ఇస్తుంది. పుట్టాక ముర్రుపాలలో ఇంకొన్ని ఇస్తుంది, అవి బిడ్డ పేగులకు పూత పూసినట్టు కాపలా కాస్తాయి. అందుకే ముర్రుపాలు పిండి పారబోయొద్దని నేను కనబడ్డ ప్రతి బాలింతకూ చెబుతాను. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు ఉన్నంతకాలం తట్టు టీకా వేసినా అవి దాన్ని అడ్డుకుంటాయి, పిల్ల ఒళ్లు నేర్చుకోదు. అవి అరిగిపోయే వేళకు టీకా పడాలి. ఆలస్యం చేస్తే తల్లి రక్షణ పోయి, సొంత రక్షణ రాక, పిల్ల ఉత్త చేతులతో నిలబడుతుంది. తట్టు వచ్చిన పిల్ల ఉన్న గదిలో రక్షణ లేని పిల్లలు పదిమంది ఉంటే తొమ్మిదిమందికి అంటుకుంటుంది. ఆ పిల్ల వెళ్లిపోయిన తర్వాత రెండు గంటల దాకా గాలిలో వైరస్ ఉంటుంది. మా చెల్లెలి మనవరాలికి ఎక్కడ అంటిందో ఈరోజుకీ చెప్పలేం.

మీ పేజీలో నాకు బాధ కలిగించిన మాట "పెంచుకోండి" అన్నది. తిండి వద్దని నేననను. యాంటీబాడీ అంటే ప్రోటీనే కాబట్టి పప్పు, గుడ్డు, పాలు లేని పిల్ల ఒళ్లు వాటిని తయారుచేయలేక తడబడుతుంది. నిద్ర కావాలి, షుగర్ అదుపులో ఉండాలి. కషాయం గొంతుకు హాయిగా ఉంటే తాగండి. కానీ ఇమ్యూనిటీ పాలపొంగులాగా పెరుగుతూ పోవాల్సిందేమీ కాదు. మా వదినకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొద్దున లేచాక గంటసేపు టీ గ్లాసు పట్టుకోలేదు, కొంగుతో చుట్టి రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగుతుంది. ఆమె తెల్ల కణాలు ఆమె కీళ్లనే శత్రువనుకుని కొరుకుతున్నాయి. దాన్ని తగ్గించడానికి వారానికోసారి మందు వేసుకుంటుంది. ఆమెకు మీ పేజీ ఏం చెబుతుంది, ఇంకా పెంచుకోమనా? సొంత ఒంటి మీద పడకుండా తెల్ల కణాలను అదుపు చేసే కణాలు వేరే ఉన్నాయి. వాటిని కనిపెట్టినందుకే 2025లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచి గార్లకు నోబెల్ ఇచ్చారు. డెంగీలోనూ అంతే, రెండోసారి వేరే రకం డెంగీ వస్తే మొదటిసారి తయారైన యాంటీబాడీలే వైరస్‌ను కణాల్లోకి తీసుకెళ్లి జబ్బును ముదరబెట్టగలవు. ఇంత సున్నితమైన లెక్కను ఒక చెంచాతో కొలిచి చెప్పకండి.

అలాగే జ్వరం ఒక్క పూటలో దిగాలని బస్తీలో తెలిసీ తెలియని మనిషి దగ్గర స్టెరాయిడ్ సూది వేయించుకునేవాళ్లు ఉన్నారు. అది జబ్బును తగ్గించదు, తెల్ల కణాల నోరు నొక్కుతుంది. 2021 వేసవిలో బ్లాక్ ఫంగస్‌తో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి వచ్చిన వరసలు ఈ ఊరు మరిచిపోగూడదు. కరోనాకు డాక్టర్లు అవసరమై ఇచ్చిన చోట స్టెరాయిడ్ ప్రాణాలు నిలిపింది. కానీ అవసరం లేకున్నా, మోతాదు మించి వాడినచోట, అందులోనూ షుగర్ ఉన్నవాళ్లలో, గాలిలో ఉండే బూజుకు దారి ఇచ్చింది.

నా విన్నపం చిన్నది. మీ పత్రికలో ప్రతిరోజూ తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం వేస్తారు. మా ఇంట్లో మొదట చదివేది అదే. ఆ గడి పక్కన వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, నాలుగు వరుసల జాగా ఇవ్వండి. మా ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేసేది బుధ, శనివారాల్లో కాబట్టి ముందురోజు చూసుకుంటారు. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు అయిదు జబ్బులకు ఒకే సూదిగా వేసే పెంటావాలెంట్, పోలియో, విరేచనాలు రాకుండా రోటా. తొమ్మిది నెలలు నిండగానే తట్టు, రుబెల్లా మొదటి డోసు. పదహారు నుంచి ఇరవైనాలుగు నెలల మధ్య రెండోది. రెండోది మరిచిపోయేవాళ్లు చాలామంది, మొదటిసారి నేర్చుకోని పిల్లల ఒళ్లు రెండోసారికి నేర్చుకుంటుంది కాబట్టి అది వదలగూడదు. టీకా తర్వాత జ్వరం వస్తే ఎందుకొస్తుందో ఒక్క వాక్యంలో రాయండి. డోసు తప్పిపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదని, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే వేస్తారని కూడా రాయండి. సిగ్గుపడి, తిడతారని భయపడి వెళ్లనివాళ్లు ఆ మాటతో వెళతారు.

కింది ఫ్లాటు అమ్మాయి కార్డు వాళ్ల పుట్టింట్లో, వరంగల్‌లో దొరికింది. తల్లి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపింది. తొమ్మిదో నెల గడి ఖాళీగానే ఉంది. వచ్చే శనివారం పొద్దున తొమ్మిదింటికి నేనూ ఆమె వెంట వెళుతున్నాను. మా చెల్లెలి మనవరాలికి ఇప్పుడు రెండేళ్లు దాటాయి, మిగిలిన డోసులన్నీ వేయించాం. దాని కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి రేషన్ కార్డుతో పాటు బీరువా లాకర్లో ఉంచుతోంది మా చెల్లెలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
చిక్కడపల్లి, హైదరాబాద్.